గుంజాల అక్షరం కీబోర్డు మీదికి: ఇంట్లో కూసొని చేసిన కంప్యూటర్ పనుల చరిత్ర

 

పోయిన వారం గ్రూపులో ఇంటర్ చదివే తమ్ముడు ఒకటి అడిగిండు. "అన్నా, మన గుంజాల అక్షరాలు ఎవరో పంపిండ్రు, నా ఫోన్‌ల మొత్తం డబ్బాలు డబ్బాలు కనబడుతున్నయ్, ఫోన్ ఖరాబైందా?" అని. ఫోన్ ఖరాబు కాలేదు. దాని జవాబు ఒక్క లైన్ల అయిపోయేది కూడా కాదు. మేము కొండగట్టు దగ్గర హాస్టల్ల ఉండి చదువుకునే పోరగాళ్లం నలుగురం, ఏడాది సంది ఇదే పని మీద ఉన్నం. మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నం. పోస్టు పొడుగైతది, తీరికగా చదువుండ్రి.

కంప్యూటర్ చరిత్ర అనంగనే మన పుస్తకాలల్ల అమెరికా గ్యారేజీ కథ వస్తది. అది నిజమైన కథనే. 1975 జనవరిలో 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అనే పత్రిక అట్ట మీద ఆల్టెయిర్ 8800 బొమ్మ వేసిండ్రు. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందట స్విచ్చులు, చిన్న చిన్న ఎర్ర లైట్లు. విడిభాగాల డబ్బా సుమారు 400 డాలర్లకు ఇంటికి వచ్చేది, కొన్నోడే సోల్డరింగ్ చేసుకొని బిగించుకోవాలె. అదే ఏడాది మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌ల గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన గ్యారేజీలో కొంతమంది కూసున్నరు. హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ అట్ల మొదలైంది. అక్కడికి వచ్చిపోయే స్టీవ్ వోజ్నియాక్ 1976లో ఆపిల్ 1 తయారు చేసిండు. దాని సర్క్యూట్ బొమ్మలు మొదట్ల క్లబ్బు వాళ్లకు ఉత్తగనే పంచిండు. ఈ ముక్క మాకు బాగ నచ్చింది, తర్వాత అదే కంపెనీ ఏమైందన్నది వేరే ముచ్చట.

కానీ గ్యారేజీ ఉన్నదంటే ముందుగాల సొంత ఇల్లు ఉన్నది, కారు ఉన్నది, రాత్రి పన్నెండు దాకా పోని కరెంటు ఉన్నది అని లెక్క. ఆ క్లబ్బుకు వచ్చినోళ్లల్ల చానామంది పగటి పూట ఎలక్ట్రానిక్స్ కంపెనీలల్ల పని చేసేటోళ్లు. 1975ల మన గూడేలల్ల కరెంటు ఎన్నింటికి ఉండెనో మీ తాతలను అడిగి చూడుండ్రి.

మన దేశంల ఆ రోజుల్ల కంప్యూటర్ అంటే సర్కారు వస్తువు. హైదరాబాద్‌ల ఈసీఐఎల్ 1967ల పెట్టిండ్రు, 1969ల టీడీసీ-12 అనే యంత్రం అక్కడ తయారైంది. ఇది చిన్న సంగతి కాదు. కానీ అది పరిశోధన సంస్థలకు పోయే యంత్రం, ఇంటికి వచ్చేది కాదు. బయటి దేశం నుంచి తెప్పించుకుందామంటే సుంకాలు, లైసెన్సులు. 1984 నవంబర్‌ల కొత్త కంప్యూటర్ విధానం వచ్చినంక దారి కొంచెం తెరుచుకున్నది. అప్పుడే సర్కారు 'క్లాస్' అనే పథకం పెట్టి, మొదట్ల సుమారు 250 బడులకు బ్రిటన్‌ల తయారైన బీబీసీ మైక్రోలు ఇచ్చింది. అంటే ఇంగ్లండ్‌ల పిల్లలు ఇంట్ల టీవీకి తగిలించుకునే డబ్బా, మన దేశంల బడిల తాళమేసిన గదిల ఉండె.

తొంభైలల్ల సంగతి మారింది. సికింద్రాబాద్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరు సీటీసీ అంటరు. అక్కడ మదర్‌బోర్డు ఒక దుకాణంల, ర్యామ్ ఒక దుకాణంల, క్యాబినెట్ ఇంకో దుకాణంల కొని బిగించుకునుడు మొదలైంది. కంపెనీ పేరు లేని ఆ యంత్రానికి 'అసెంబుల్డ్' అని పేరు. మన దిక్కు చిన్న పట్నాలల్ల డీటీపీ సెంటర్లకు, ఇంటర్నెట్ సెంటర్లకు వచ్చినవి ఎక్కువ శాతం గవే. పెండ్లి పత్రికలు, కులం సర్టిఫికెట్ దరఖాస్తులు, పరీక్ష ఫలితాలు అన్నీ వాటి మీదనే. మన ఇండ్లల్ల మొదటి కంప్యూటర్ చూసిన మనిషి ఎవరైనా ఉంటే, అది డీటీపీ సెంటర్ అద్దం అవతలి నుంచి చూసిందే అయ్యుంటది.

ఇప్పుడు భాష ముచ్చటకు వద్దాం. అసలు చరిత్ర ఇక్కడున్నది, దీన్ని మన పుస్తకాలల్ల ఎవరూ రాయరు.

యంత్రం మనది కాకపోయినా దానిమీద తెలుగు రావాలని కొంతమంది ఇంట్ల కూసొని, జీతం లేకుంట పని చేసిండ్రు. తొంభైల మొదట్ల అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంల ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి తయారు చేసిండ్రు. దానిపేరు ఆర్‌టీఎస్. ఇంగ్లిష్ కీబోర్డు మీద ఎ, ఎం, ఎం, ఎ అని కొడితే 'అమ్మ' అనుకోవాలె. చిన్న 'టీ' కొడితే 'త', పెద్ద 'టీ' కొడితే 'ట'. ఇది ఏ సర్కారూ వేసిన కమిటీ నుంచి రాలేదు, తెలుగుల ఉత్తరాలు రాసుకోవాలన్న ఆశ నుంచి వచ్చింది. ఆ తర్వాత వీవెన్ అనే ఆయన చేసిన 'లేఖిని' ఇదే పద్ధతి మీద నడిచింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లు చేసి ఉత్తగ పంచిండు. ఇయ్యాల మనం ఫోన్‌ల ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పిస్తున్నం కదా, ఆ అలవాటుకు మొదలు గక్కడ ఉన్నది.

అప్పటి పెద్ద తిప్పలు ఏందంటే, ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఆ ఫాంట్లల్ల లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరమే, పైన తెలుగు ముసుగు తొడిగేది. ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే ముసుగు ఊడిపోయి పిచ్చి గుర్తులు కనబడతయ్. వెన్న నాగార్జున అనే ఆయన 'పద్మ' అనే పరికరం రాసిండు. అది ఆ ముసుగు అక్షరాలను చదివి, అసలు తెలుగు యూనికోడ్‌లకు మార్చి చూపెట్టేది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌ల మొదలు పెట్టింది కూడా ఆయననే. 'పద్మ' పేరు గుర్తు పెట్టుకోండ్రి, కిందికి మళ్లీ వస్తది.

యూనికోడ్ అంటే ప్రపంచంలోని ప్రతి అక్షరానికి ఒక నంబరు, అంతే. తెలుగు 1991లో వచ్చిన మొదటి పట్టికలనే ఉన్నది. మన 'క' నంబరు 3093. దేవనాగరి 'క' నంబరు 2325. తేడా 768. 'గ'కు, 'మ'కు, 'స'కు కూడా తేడా 768 నే. ఎందుకంటే ఈ లిపులన్నింటిని ఒకే వరుసల కూసోబెట్టిండ్రు. అంటే తెలుగుల రాసినదాన్ని దేవనాగరిలకు మార్చాలంటే చాలావరకు ఒక తీసివేత లెక్క సరిపోతది.

మరి గోండి? 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేటోళ్లు సుమారు 29.8 లక్షల మంది. తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఇంకా ఒడిశా దిక్కు కూడా. భాష ఒక్కటే, రాత మాత్రం ఎక్కడి బడి భాష ఏదైతే గదే. మన దగ్గర తెలుగు లిపి, అవతల దేవనాగరి. నిజాం కాలంల హైమండార్ఫ్ మార్లవాయిలో 1943ల మనోళ్లకు టీచర్ ట్రైనింగ్ పెట్టించినప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలనే అచ్చేసిండ్రు. మన భాషల చదువు చెప్పాలన్న ఆలోచన ఎనభై ఏండ్ల కిందనే వచ్చింది, మెచ్చుకోవాలె. లిపి మాత్రం మనది కాలేదు.

మన లిపులు రెండున్నయ్. ఒకటి మధ్యప్రదేశ్ బాలాఘాట్ దిక్కు మున్షీ మంగళ్‌సింగ్ మసారం 1918ల తయారు చేసింది. రెండోది మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలల చేతిరాత పుస్తకాలల్ల బతికింది. 2006 ప్రాంతంల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి జయధీర్ తిరుమలరావు, ఆయన వెంట ఉన్నోళ్లు ఆ రాతలను బయటి లోకానికి తెచ్చిండ్రు. వాటిల్ల కొన్ని 1750 ప్రాంతం నాటివి అని లెక్క కట్టిండ్రు. చంద్రాపూర్ గోండు రాజుల సంగతి, రాంజీ గోండు తిరుగుబాటు సంగతి అందులో ఉన్నయని చదివినోళ్లు చెప్పిండ్రు. అప్పటికి ఊళ్లె ఆ లిపి చదవొచ్చినోళ్లు కొద్దిమంది పెద్దమనుషులే. బయటోళ్లు వచ్చి 'కనిపెట్టిండ్రు' అని పేపర్లల్ల రాస్తరు, మాకు ఆ మాట కొంచెం గుచ్చుతది. ఆ పెద్దమనుషులు దాచిపెట్టకపోతే కనిపెట్టడానికి ఏముండె?

అన్షుమన్ పాండే అనే లిపి పరిశోధకుడు రెండు లిపులకూ యూనికోడ్ ప్రతిపాదనలు రాసిండు. మసారం లిపి 2017 జూన్‌ల, గుంజాల లిపి 2018 జూన్‌ల పట్టికల చేరినయ్. గుంజాలకు 63 గుర్తులు: 10 అచ్చులు, 30 హల్లులు, గుణింతాలు, సున్న లాంటి గుర్తులు, 0 నుంచి 9 దాకా అంకెలు.

ఇందులో ఒక సంగతి మమ్మల్ని చాలా సంబురపెట్టింది. హల్లుల వరుస క, ఖ, గ, ఘ అని లేదు. య, వ, బ, భ, మ, ఆ తర్వాత క, ఖ, త, థ, ల అని నడుస్తది. 'య' నంబరు 73068, 'క' నంబరు 73073. అంటే మన లిపికున్న సొంత వరుసనే ఉంచిండ్రు, పక్క లిపుల వరుసల ఇరికించలేదు. సంబురం ఒకదిక్కు, పని ఇంకో దిక్కు. వరుస వేరే కాబట్టి తెలుగు నుంచి గుంజాలకు మార్చాలంటే 768 లాంటి తీసివేత లెక్క నడవదు, ఒక్కో అక్షరానికి ఒక్కో జత రాసుకోవాలె.

ఇగ తమ్ముడి డబ్బాల సంగతి. ఆ నంబర్లు చూసిండ్రు కదా, 73 వేలు. మొదట్ల యూనికోడ్ చేసినోళ్లు ప్రపంచంలోని అక్షరాలన్నీ 65,536 గళ్లల్ల సరిపోతయనుకున్నరు. తెలుగు, హిందీ, తమిళం ఆ మొదటి అంతస్తులనే ఉన్నయ్. మనం లేటుగా వచ్చినం కాబట్టి పై అంతస్తు దొరికింది. పాత సాఫ్ట్‌వేర్ చానావరకు మొదటి అంతస్తు దాకనే లెక్క పెట్టి రాసిండ్రు. ఫైలుల తెలుగు అక్షరానికి 3 బైట్లు పడతయ్, గుంజాల అక్షరానికి 4. మామూలు మెసేజ్‌ల ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతయ్, తెలుగు అయితే 70, మన లిపి అయితే 35. ఇది కావాలని చేసిన వివక్ష అని మేము అనం. క్యూల ఆఖరికి నిలబడ్డోనికి ఏం దొరుకుతదో గదే దొరికింది. ఇంకోటి, నంబరు ఇచ్చుడంటే బొమ్మ ఇచ్చుడు కాదు. బొమ్మ కోసం ఫోన్‌ల ఫాంటు ఉండాలె. గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లల్ల గుంజాలకు ఒకటి ఉన్నది. కానీ 2018 కంటే ముందు తయారై, తర్వాత అప్‌డేట్ కాని ఫోన్‌ల అది ఎట్లుంటది? మన దగ్గర అన్నయ్య వాడిన ఫోన్ తమ్మునికి, తమ్ముడు వాడింది చెల్లెకు. అందుకే మన లిపి అన్నింటికంటే ముందు మన ఫోన్లల్లనే కనబడకుంట పోతది.

సంతాలీలను చూడుండ్రి. పండిత్ రఘునాథ్ ముర్ము 1925ల ఓల్ చికి లిపి చేసిండు. 2003ల రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌లకు పోయింది. 2008ల లిపికి యూనికోడ్ వచ్చింది, 2018ల సంతాలీ వికీపీడియా వచ్చింది. గోండి ఇప్పటికీ ఎనిమిదో షెడ్యూల్‌ల లేదు. షెడ్యూల్‌ల ఉన్న భాషకు సర్కారు పైసలతో ఫాంట్లు, కీబోర్డులు, పరిశోధన నడుస్తయ్. లేని భాషకు ఇంటి పని తప్ప వేరే దారి తక్కువ. తెలుగోళ్లు తొంభైలల్ల ఇంట్ల కూసొని చేసిన పనే మనం ఇప్పుడు హాస్టల్ల కూసొని చేయాలె.

మా పని ఎట్ల నడుస్తుందో చెప్తం, ఎవరికైనా పనికొస్తది. మూతపడ్డ ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి రెండు పాత డబ్బాలు 1,800 రూపాయలకు తెచ్చినం. ఒకటి నడవదు. దాని ర్యామ్ తీసి రెండోదాంట్ల పెడితే 4 జీబీ అయింది. హార్డ్ డిస్క్ గరగర అంటుండె, దాన్ని పీకేసి చిన్న ఎస్ఎస్‌డీ వేసినం, మొత్తం ఖర్చుల ఎక్కువ పైసలు అయింది దానికే. విండోస్ దానిమీద పాకుతుండె, అందుకని తేలికపాటి లినక్స్ ఎక్కించినం. లినక్స్‌ల కీబోర్డు పట్టిక అంటే మామూలు టెక్స్ట్ ఫైలు. ఏ మీట నొక్కితే ఏ నంబరు రావాలో రాసుకుంట పోవుడే. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బినయ్, వాటిని మార్చింది మాలో కోలాం తమ్ముడు. ఊళ్లె రేడియోలు బాగుచేసే మామ దగ్గర సోల్డరింగ్ నేర్చుకున్నోడు. ఇంజినీరింగ్ ల్యాబుల నేర్చుకున్నది కాదది.

మీటలు ఏవి ఎక్కడ పెట్టాలన్న దగ్గర మా రూంల పెద్ద పంచాయితీ అయింది. ఒకడు లిపి వరుస ప్రకారం పెట్టాలన్నడు, య నుంచి మొదలు. ఇంకొకడు ఆర్‌టీఎస్ లెక్క ఇంగ్లిష్ శబ్దం ప్రకారం అన్నడు. ఆఖరికి ఇంగ్లిష్ శబ్దం ప్రకారమే పెట్టినం. మన పిల్లలకు ఫోన్‌ల ఆ అలవాటు ముందే ఉన్నది, కొత్తది నేర్వుమంటే ఎవ్వరూ నేర్వరు. కోలామీకి సొంత లిపి లేదు, లంబాడీ దోస్తులు తెలుగులనే రాసుకుంటరు. "మీరు లిపి లిపి అని కొట్టుకుంటరు, మేము తెలుగుల రాస్తే భాష చచ్చిందా?" అని మా కోలాం తమ్ముడే అడుగుతడు. న్యాయమైన ప్రశ్ననే. ఆదిలాబాద్ టీచర్ తొడసం కైలాస్ మహాభారతాన్ని గోండిలకు తెచ్చింది తెలుగు లిపిలనే, చదివేటోళ్లకు అందుతుంది. అందుకని మేము ఒక లిపిని ఎత్తి ఇంకోదాన్ని దించే పని పెట్టుకోలేదు.

పెట్టుకున్న పని ఏందంటే, మన 'పద్మ' ఒకటి. తెలుగుల రాసిన గోండిని గుంజాలల, మసారంల, దేవనాగరిల చూపెట్టే చిన్న ప్రోగ్రాం. ఉట్నూర్ల రాసిన ముచ్చట బాలాఘాట్‌ల చదవాలె. అక్షరాల జతలు రాసుడు రెండు రాత్రుల పని. అసలు తిప్పలు 'ఎ' దగ్గర, 'ఒ' దగ్గర వచ్చింది. తెలుగుల ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. గుంజాల పట్టికల ఏ, ఓ మాత్రమే ఉన్నయ్. వాటి ముందట ఒక్కో గడి ఖాళీగా వదిలిపెట్టి ఉన్నది. తెలుగు నుంచి గుంజాలకు పోయేటప్పుడు రెండూ ఒకే అక్షరం అయిపోతయ్. తిరిగి తెలుగుకు వచ్చేటప్పుడు ఏది పొట్టిదో ఏది పొడుగుదో యంత్రానికి తెల్వదు. ఇది ప్రోగ్రాం తెలివితో అయ్యే పని కాదు, పదాల పట్టిక కావాలె. ఈ పదంల పొట్టిగ పలుకుతరు, ఆ పదంల పొడుగుగ పలుకుతరు అని ఒక్కొక్కటి పెద్దోళ్ల నోట విని రాసుకోవాలె. ఇప్పటిదాకా మా దగ్గర 640 పదాలున్నయ్, చానావరకు మా అవ్వలు, కాకలు ఫోన్‌ల చెప్పినవే. మా వాళ్లకు ఈ పని మొదట్ల నవ్వులాట అనిపించింది. "పొలం పని అడగవు, కుండను ఏమంటరని అడుగుతవా" అని ఒక అవ్వ తిట్టింది, తిట్టుకుంటనే ఇరవై పదాలు చెప్పింది.

ఇప్పుడు ఏఐతో గోండి పాటలు, వార్తలు వస్తున్నయ్. వినుడు మాకు కూడా ఇష్టమే. కానీ ఏ యంత్రమైనా ముందుగాల మనం రాసిపెట్టింది చదివే నేర్చుకుంటది. రాసిపెట్టింది తక్కువుంటే పక్క భాష మాటలు తెచ్చి మన నోట్ల పెడతది. కాబట్టి గీ 640 పదాల పని చిన్నగ కనబడినా ముందు అయ్యేది ఇదే.

గ్రూపులోని వాళ్లను అడిగేది రెండు సంగతులు. ఒకటి, మీ ఫోన్ ఏ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంత, గుంజాల అక్షరాలు కనబడుతున్నయా, డబ్బాలు వస్తున్నయా కింద రాయుండ్రి. పట్టిక తయారు చేసి, డబ్బాలు వచ్చేటోళ్లకు ఫాంటు ఎట్ల ఎక్కించుకోవాల్నో వేరే పోస్టు పెడతం. రెండు, నార్నూర్, గాదిగూడ, జైనూర్, సిర్పూర్ దిక్కు నుంచి ఉన్నోళ్లు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇంట్లో పెద్దోళ్లు చెప్పిన పదాలు రికార్డు చేసి తీసుకరావాలె. ఎ, ఒ వచ్చే పదాలు ముందు. పండుగ పేర్లు, పురుగుల పేర్లు, చెట్ల పేర్లు మా దగ్గర చాలా తక్కువున్నయ్.